కోబ్జార్ దగ్గర శిష్యరికం: ఖార్కివ్‌లో మొదలై ల్వివ్ దగ్గర పూర్తయిన నా అనుభవం

మొన్న ఆగస్టులో నాకు విజ్విల్కా జరిగింది. ఉక్రెయిన్‌లో కోబ్జార్ దగ్గర శిష్యరికం చేసినవాణ్ణి సంఘం పెద్దలు కూర్చోబెట్టి, పాడించి, ప్రశ్నలడిగి, ఇక నువ్వు సొంతంగా ఊళ్లు తిరిగి పాడుకోవచ్చని వదిలిపెట్టే రోజు అది. కోబ్జార్ అంటే బందూరా అనే తీగల వాద్యం వాయిస్తూ ఊరూరా తిరిగి పాడే గాయకుడు. 2018 అక్టోబరులో మొదలుపెట్టాను. సాధారణంగా మూడేళ్లు పట్టే పని నాకు 2025 దాకా పట్టింది. బందూరా నేర్చుకుంటున్నానని తెలిసినప్పటి నుంచి చాలామంది ఫీజెంత, సర్టిఫికెట్ ఇస్తారా, ఎన్ని నెలల కోర్సు అని అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెడితే అందరికీ పనికొస్తుందనిపించింది.

నేను ఒంగోలు నుంచి మెడిసిన్ చదవడానికి ఖార్కివ్ వెళ్లాను. 2018 అక్టోబరు 14, ఆదివారం. వాళ్లకి పొక్రోవా పండుగ, అంటే మేరీమాత పండుగల్లో ఒకటి. ఊరి మధ్యలో ఉన్న పొక్రోవ్‌స్కీ మఠం గేటు పక్కన ఒక పెద్దాయన నేలమీద గోనెపట్టా వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో వీణకంటే చాలా చిన్న వాద్యం, కళ్లు మూసుకుని పాడుతున్నారు. చిన్నప్పుడు నాలుగేళ్లు వీణ నేర్చుకున్నాను కాబట్టి ఆ స్వరాలు చెవిన పడగానే కాళ్లు ఆగిపోయాయి. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పైన ప్రతిమధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అచ్చంగా మన హేమవతి! గమకాలు వేరు, నడక వేరు, అయినా మెట్లు అవే. వాళ్ల దుమాలు చాలావరకు ఈ మెట్ల మీదే నడుస్తాయని తర్వాత తెలిసింది. దుమా అంటే పాత కొసాక్కుల (ఉక్రెయిన్ గుర్రపు యోధుల) కాలపు కథాగానం. చరణాలుండవు, తాళం లెక్కుండదు. కథ ఎటు లాగితే పాట అటు సాగుతుంది.

పాట అయ్యాక వెళ్లి నేర్పిస్తారా అని అడిగాను, నాకొచ్చిన రష్యన్‌లో. ఆయన ఉక్రేనియన్‌లో జవాబిచ్చారు. నాకు సగం అర్థం కాలేదు. ఖార్కివ్‌లో విదేశీ విద్యార్థులకు అప్పట్లో హాస్పిటల్ కోసం నేర్పేది రష్యన్. ఊళ్లో ఎక్కువగా వినపడేది కూడా అదే. ఆయన చెప్పిన మాట తోటి విద్యార్థి ఒకరు విడమరచి చెప్పాక తెలిసింది: "ముందు భాష నేర్చుకుని రా. క్రిస్మస్ అయ్యాక మాట్లాడదాం." మొదటి ఆశ్చర్యం ఇదే. దీనికి వేళ్లకంటే ముందు చెవి, నాలుక సిద్ధం కావాలి. మూడు నెలలు సాయంత్రాలు ఉక్రేనియన్‌కే పెట్టాను. ట్యూషన్‌కి గంటకి 150 హ్రివ్నియాలు, అప్పటి లెక్కలో మన నాలుగొందల రూపాయలు. ఈ మొత్తం శిష్యరికంలో చదువు పేరున నేను డబ్బు కట్టింది దీనికొక్కదానికే.

2019 జనవరి చివర మళ్లీ వెళ్లాను. ఆయన ఉండేది ఖార్కివ్ నుంచి లోకల్ రైల్లో గంటన్నర దూరంలో ఉన్న పల్లె. గురువుని పాన్‌ఒతెత్స్ అని పిలవాలి. మన తండ్రిగారు లాంటి పిలుపు. ఫీజు తీసుకోరు. బదులుగా పని చేయాలి. కట్టెలు కొట్టడం, బావి నుంచి నీళ్లు మోయడం, మంచు ఎత్తిపోయడం, మందుల షాపుకి వెళ్లి రావడం. వెనకటి రోజుల్లో శిష్యుడు గురువు ఇంట్లోనే ఉండి, సంతలో సంపాదించినదంతా ఆయనకే ఇచ్చేవాడట. నాకు కాలేజీ ఉంది కాబట్టి శనివారం వెళ్లి ఆదివారం రాత్రి వచ్చేవాణ్ణి.

పాత కోబ్జార్లు దాదాపు అందరూ చూపులేనివాళ్లే. చూపున్నవాణ్ణి సంఘం చేర్చుకునేది కాదు. పొలం పని చేయలేనివాడికి గౌరవంగా బతికే దారి అది, చూపున్నవాడు వచ్చి ఆ కూటికి అడ్డుపడకూడదు. సంఘానికి పెద్ద ఉండేవాడు, ఉమ్మడి నిధి ఉండేది, బయటివాళ్లకి అర్థం కాని సొంత మాటలుండేవి. దారి చూపించడానికి వెంట ఒక పిల్లవాడు, తరచుగా ఎవరూ లేని అనాథ. వీళ్లని ఇల్లూ వాకిలీ లేని బిచ్చగాళ్లనుకోవద్దు. చాలామందికి భార్యాబిడ్డలు, సొంత ఇల్లు ఉండేవి. 1803లో పుట్టిన ఓస్తాప్ వెరెసాయ్ అనే కోబ్జార్ని 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా తీసుకెళ్లి పాడించారు. అంతా అయ్యాక ఆయన మళ్లీ తన పల్లెకే వచ్చి ఉన్నాడు. మా గురువుగారికి చూపుంది, నాకూ ఉంది. ఈ నియమం మారిన తీరు ఒక్క మనిషితో ముడిపడి ఉంది. హెయోర్హీ తకాచెంకో అనే ఆర్కిటెక్టు, చిత్రకారుడు. 1898లో పుట్టాడు. కుర్రతనంలో ఖార్కివ్‌లో పెత్రో ద్రెవ్‌చెంకో అనే చూపులేని కోబ్జార్ దగ్గర విని నేర్చుకున్నాడు. ఆ తరం మొత్తం పోయాక కూడా ఆ వాయింపు, ఆ పాటలు ఆయన చేతిలో మిగిలాయి. 1993లో పోయేలోపు కీవ్‌లో కొంతమంది కుర్రాళ్లకి అందించాడు. ఆ కుర్రాళ్లలో ఒకరి దగ్గర మా గురువుగారు నేర్చుకున్నారు. అంటే నాకూ ఒక అసలైన చూపులేని కోబ్జార్కీ మధ్య ముగ్గురే ఉన్నారు. ఈ లెక్క తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక పాఠం. వాద్యం ముట్టుకోనివ్వలేదు. మొదట నేర్పింది జెబ్రాంకా, అడుక్కునే పాట. పాటకంటే వేడికోలు అనడం సరైనది. అయ్యలారా, అమ్మలారా అని మొదలై, మీ ఇంటి మీద దేవుడి దయ ఉండాలని, మీ చనిపోయినవాళ్లకి శాంతి కలగాలని గుక్క తిప్పుకోకుండా సాగుతుంది. ఆయన ఒక వరుస అంటారు, నేను తిరిగి అనాలి. నోట్‌బుక్ తీస్తే పక్కన పెట్టించారు. ఫోన్ రికార్డింగ్ అసలే వద్దన్నారు. "కాగితం మీద ఉంటే నీ దగ్గర ఉన్నట్టు కాదు," అన్నారు. ఒక్కో వరుసకి వారం పట్టేది. అనాటమీ పుస్తకాలు బట్టీపట్టిన నాకు ఇది ఇంత కష్టమవుతుందనుకోలేదు. చూసి గుర్తుపెట్టుకోవడం అలవాటైన బుర్రకి విని గుర్తుపెట్టుకోవడం కొత్తగా నేర్పాలి. ఏప్రిల్ నాటికి కొంచెం దారికొచ్చింది.

2019 మేలో నన్ను పల్లె సంతకి తీసుకెళ్లి నేలమీద కూర్చోబెట్టారు. వాద్యం లేదు, ముందు టోపీ ఒకటి. పాడు అన్నారు. గొంతు పెగల్లేదు. డాక్టరు చదివేవాడు, పైగా నల్లటి విదేశీయుడు, సంతలో చెయ్యి చాపి కూర్చోవడం! టెన్షన్‌తో చొక్కా తడిసిపోయింది. ఎలాగో మొదలుపెట్టాను. కాసేపటికి ఒక ముసలావిడ ఉల్లిపాయల సంచితో వచ్చి, ఐదు హ్రివ్నియాల నోటు టోపీలో వేసి, కదలకుండా నిలబడింది. ఏం చేయాలో నాకు తెలియలేదు. "ఇవాన్, మరియా, చిన్న పెత్రో," అంది. గురువుగారు నా భుజం తట్టి, "వాళ్లు ఆమె ఇంట్లో పోయినవాళ్లు. ఆ పేర్లు పెట్టి పాడు," అన్నారు. పాడాను. చిన్న పెత్రో దగ్గరికొచ్చేసరికి ఆమె తలమీద కట్టుకున్న గుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. పాటయ్యాక శిలువ గుర్తు వేసుకుని, ఉల్లిపాయలు రెండు తీసి టోపీ పక్కన పెట్టి వెళ్లిపోయింది. కోబ్జార్ చేసే పని ఏంటో నాకు తెలిసింది ఆ పూటే. ఆ ఐదు హ్రివ్నియాలు దానం కాదు. చనిపోయినవాళ్ల పేరు ఒకసారి గట్టిగా పలికినందుకు ఆమె ఇచ్చుకున్న దక్షిణ. మన ఊళ్లలో తెల్లవారుజామున గంట, శంఖంతో వచ్చే జంగమదేవర కూడా ఇంట్లో పెద్దల పేర్లు తలుచుకునే దీవిస్తాడు. మా నాయనమ్మ ఆయనకి చేటలో బియ్యం పోసి దణ్ణం పెట్టడం ఎందుకో నాకు ఒంగోల్లో ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ వీడియో ఎవరో తీసి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అక్కణ్ణుంచి ఇంటికి చేరింది. అమ్మ ఫోన్ చేసి, "ఏంట్రా ఇది, లక్షలు పోసి డాక్టరు చదవమని పంపితే అడుక్కుంటున్నావా?" అని ఏడ్చింది. నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి ఉల్లిపాయల ముసలావిడ సంగతి చెబితే అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చలికి తలకి ఏమైనా కట్టుకుంటున్నావా?" అంది. ఇంట్లో గొడవ అంతటితో ఆగింది.

మా సంఘం పద్ధతిలో శిష్యుడు తన వాద్యం తనే చేసుకోవాలి. దుకాణంలో దొరికే కచేరీ బందూరాకి అరవై దాకా తీగలుంటాయి. కుట్టుపని చొక్కాలు వేసుకుని బృందంగా వాయిస్తారు, వినడానికి అందంగా ఉంటుంది. మాది అది కాదు. పాత బందూరాకి ఇరవై అటూ ఇటూ తీగలు, మధ్యలో స్వరాలు మార్చే మీటలుండవు. మెట్టు మార్చాలంటే తీగలు తిప్పి మళ్లీ శ్రుతి చేసుకోవాలి. కడుపు మొత్తం ఒకే విల్లో దుంగ నుంచి తొలుస్తారు, పైన స్ప్రూస్ పలక అతికిస్తారు. గురువుగారి షెడ్డులో ఏళ్ల తరబడి ఆరిన దుంగలున్నాయి, అందులో ఒకటిచ్చారు. 2019 శీతాకాలమంతా బాడిస, ఉలి పట్టుకుని తొలిచాను. అరచేతుల్లో పుళ్లు పడ్డాయి. గోడ ఎంత పలచనైందో చూడటానికి వేలితో కొట్టి వినమనేవారు. మందంగా ఉన్నచోట మూగగా పలుకుతుంది, సరిపడా తొలిచినచోట గుల్లగా మోగుతుంది. స్ప్రూస్ పలకకి 900, తీగలకి 1,200, బిరడాలకి కలప, సరేసు, చిల్లర ఖర్చులు కలిపి మరో 700 హ్రివ్నియాలయ్యాయి. మొత్తం మన డబ్బులో ఏడెనిమిది వేలు. ఎవరూ ముందుగా చెప్పని సంగతొకటి: హాస్టల్లో పెట్టకండి. అక్టోబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా హీటింగ్ వేస్తారు, గాలి ఎండిపోయి పలక చీలిపోతుంది. నాది ఫిబ్రవరిలో వెంట్రుకవాసి చీలింది. తడిగుడ్డ గిన్నెలో వేసి పక్కన పెడితే ఆగింది.

మార్చిలో కోవిడ్ వచ్చింది. రైళ్లు ఆగిపోయాయి. వేసవి దాకా పల్లెకి వెళ్లలేకపోయాను. ఆ నెలల్లో చేసిందల్లా ఉన్న నాలుగు ముక్కల్నీ మర్చిపోకుండా రోజూ అనుకోవడమే.

తీగల మీద చెయ్యి పెట్టింది 2020 జూలైలో. ఖార్కివ్ పద్ధతిలో వాద్యాన్ని ఛాతీకి సమాంతరంగా నిలబెట్టి పట్టుకుంటారు. ఎడమచెయ్యి పైనుంచి తీగల మీదికి వచ్చి, రెండు చేతులూ అన్ని తీగలనీ అందుకుంటాయి. వీణ అలవాటు నాకు పనికొచ్చింది తక్కువ, అడ్డుపడింది ఎక్కువ. అన్నిటికంటే పెద్ద చిక్కు గోళ్లు. తీగ పలకాలంటే గోరు పెరగాలి. క్లినికల్ పోస్టింగ్‌లో గోరు పెరిగితే సర్జరీ వార్డు గుమ్మంలోనే ఆపేస్తారు. రెండుసార్లు వెనక్కి పంపారు. గురువుగారికి చెబితే పాత కోబ్జార్లలో కొందరు మధ్యవేలికి తొడుక్కునే లోహపు ఉంగరం ఒకటి చేసిచ్చారు. దానికి పలచటి చెక్క ముక్క బిగించి ఉంటుంది. ధ్వని కొంచెం గట్టిగా వస్తుంది, అయినా నా మెడిసిన్‌నీ బందూరానీ కలిపి నడిపించింది ఆ ఉంగరమే.

పాఠాల వరుస ఇలా ఉంటుంది. ముందు ప్రార్థనలు, తర్వాత భక్తిగీతాలు, ఆపైన నవ్వించే పాటలు, నాట్యాల వరుసలు, చివర్లో దుమాలు. భక్తిగీతాల్లో లాజరు పాట నాకు బాగా పట్టుబడింది. ధనవంతుడు, గుమ్మం ముందు పుళ్లతో పడి ఉన్న లాజరు కథ మన దగ్గర చర్చికి వెళ్లే ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఉక్రెయిన్‌లో దాన్ని గుమ్మం ముందు కూర్చున్నవాడే, గుమ్మం లోపల ఉన్నవాళ్లకి పాడి వినిపిస్తాడు. ఆ కథకి అంతకంటే సరైన చోటు ఇంకెక్కడుంటుంది!

దుమాల్లో మొదటిది విధవరాలు, ముగ్గురు కొడుకుల కథ. కష్టపడి పెంచిన తల్లిని కొడుకులు ఇంట్లోంచి వెళ్లగొడతారు, తర్వాత వాళ్ల ఇల్లు చితికిపోయి తల్లిని వెతుక్కుంటూ వస్తారు. మొదట్లో ఓ... అని ఒక దీర్ఘం ఉంటుంది, దాన్ని ఏడుపులా లాగి, నెమ్మదిగా మాటల్లోకి దిగాలి. ఒక వరుస నాలుగు మాటలే ఉంటుంది, పక్కది ఊపిరి చాలనంత పొడుగు. ఎక్కడ ఆగాలో ఆయన చెప్పరు. "తల్లి ఎక్కడ ఆగిందో అక్కడ ఆగు," అంటారు. ఆయన పాడిందే అచ్చుగుద్దినట్టు పాడితే చిరాకుపడేవారు. నాకు తోచినట్టు ఒక మాట మార్చి పాడితే అది తల్లి అనే మాటేనా అని నిలదీసేవారు. ఈ రెండింటి మధ్య సన్నటి దారి దొరకడానికి ఏడాది పైన పట్టింది. కొంత పట్టుబడ్డాక, 1908లో కవయిత్రి లేస్యా ఉక్రైన్‌కా పూనుకుని మైనపు సిలిండర్ల మీద రికార్డు చేయించిన హ్నాత్ హొంచారెంకో గొంతు వినిపించారు. ఖార్కివ్ ప్రాంతపు చూపులేని కోబ్జార్ ఆయన. బరబరల మధ్య నుంచి ఆ వేళ్లు ఎంత తేలిగ్గా నడుస్తున్నాయో వింటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందే వినిపించి ఉంటే దాన్ని కాపీ కొట్టేవాణ్ణి, అందుకే ఆపారు.

ఖార్కివ్‌లో ఒపేరా థియేటర్ దగ్గర ఒక స్మారకం ఉంది, సోవియట్ కాలంలో బలైపోయిన కోబ్జార్ల కోసం 1997లో పెట్టారు. 1930లలో వాళ్లందరినీ సభ పేరుతో పిలిచి ఒకేసారి కాల్చేశారని జనం చెప్పుకుంటారు. ఆ సభ జరిగినట్టు చూపే కాగితం ఇంతవరకు బయటపడలేదు. గురువుగారు ఈ మాట చాలా జాగ్రత్తగా చెబుతారు. కానీ ఒక్కొక్కరిగా చంపబడ్డవాళ్ల రికార్డులున్నాయి. ఇవాన్ కుచుహురా-కుచెరెంకో అనే చూపులేని కోబ్జార్కి 1926లో ప్రభుత్వమే ప్రజా కళాకారుడి బిరుదిచ్చింది, 1937లో ప్రభుత్వమే కాల్చిచంపింది. 1902లో ఖార్కివ్ పురావస్తు మహాసభలో కోబ్జార్లని, చక్రం తిప్పి వాయించే లిర్నిక్కులని ఒకే వేదిక మీదికి తెచ్చిన హ్నాత్ ఖోత్కెవిచ్‌ని 1938లో చంపారు. స్మారకం ముందు పాడేటప్పుడు మేం డబ్బు తీసుకోం. టోపీ పెట్టం.

2022 ఫిబ్రవరి మొదటివారంలో గురువుగారు, వేసవిలో నీ విజ్విల్కా పెట్టుకుందాం అన్నారు. శ్రుతి చూడాలని నా బందూరా తన దగ్గరే ఉంచుకున్నారు. ఫిబ్రవరి 24 తెల్లవారుజామున పేలుళ్లకి లేచాం. హాస్టల్ బేస్‌మెంట్‌లో చలి, చీకటి, బ్రెడ్డు ముక్కలు. ఆ పగళ్లూ రాత్రుళ్ల గురించి మాతో ఉన్న మన విద్యార్థులు చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. ఒక్కటి చెబుతాను. పక్క బిల్డింగ్ నుంచి కొందరు ఉక్రెయిన్ ముసలివాళ్లు కూడా మా బేస్‌మెంట్లోకి వచ్చారు. రెండో రోజు రాత్రి నాకు నిద్రపట్టక లోలోపల లాజరు పాట గొణుక్కుంటుంటే, పక్కనున్న పెద్దావిడ గట్టిగా పాడమంది. వాద్యం లేదు. పాడాను. మన పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. అయ్యాక ఆవిడ ఒక పేరు చెప్పింది. సంతలో నేర్చుకున్నట్టే ఆ పేరు పెట్టి పాడాను.

మార్చి 2న మన ఎంబసీ వెంటనే ఖార్కివ్ వదలమని చెబితే ఊరి బయట ఉన్న పెసోచిన్ వైపు నడిచాం. కొన్ని రోజులు అక్కడ ఎదురుచూసి బస్సులో పడమటికి, అక్కణ్ణుంచి పోలండ్, ఆపైన ఇల్లు. గురువుగారి నుంచి మూడు వారాలు కబురు లేదు. మార్చి చివర్లో మెసేజ్ వచ్చింది: "నేను ల్వివ్ దగ్గర ఉన్నాను. నీ బందూరా నాతోనే ఉంది. పాఠం మర్చిపోకు." ఆ మేలో ఖార్కివ్ దగ్గరి స్కొవొరోదీనివ్కాలో తత్వవేత్త స్కొవొరోదా మ్యూజియం క్షిపణి దెబ్బకి కాలిపోయింది. ఆయన కట్టిన పాటలు కోబ్జార్లు పాడుతూ వచ్చారు. 2021లో అదే ఆవరణలో చెట్టు కింద మేమూ పాడాం.

పోలండ్‌లో మెడిసిన్ కొనసాగించే వీలు దొరికాక పాఠాలు ఫోన్‌లో మొదలయ్యాయి. వీడియో వద్దన్నారు, గొంతు చాలన్నారు. 2022-23 శీతాకాలంలో వాళ్లకి కరెంటు గంటల లెక్కన వచ్చేది. కరెంటు షెడ్యూలే మా పాఠాల టైమ్‌టేబుల్. మధ్యలో లైన్ తెగితే, ఆగిన వరుస నుంచి వారం తర్వాత అందుకునేవాళ్లం. వాయించడానికి వార్సాలో ఒకరి దగ్గర పాత వాద్యం నెలకి 100 జ్లోటీలకి అద్దెకి తీసుకున్నాను. సంఘంలో కుర్రాళ్లు కొందరు సైన్యంలోకి వెళ్లారు. ఇద్దరు తిరిగి రాలేదు.

2024 డిసెంబరులో కోబ్జా (బందూరాకి దగ్గరి తీగల వాద్యం), లిరా (చక్రం తిప్పి వాయించేది) సంప్రదాయాన్ని కాపాడే ఈ సంఘాల కార్యక్రమం యునెస్కో మంచి పద్ధతుల జాబితాలోకి ఎక్కింది. గురువుగారు ఆ రాత్రి తనే ఫోన్ చేశారు. "ఇక నిన్ను వదిలేయాలి, నాకు డెబ్బై దాటింది," అన్నారు. వీసా కాగితాలకి ఐదారు వారాలు, యుద్ధ సమయపు ఇన్సూరెన్స్‌కి మామూలు రేటుకి మూడింతలు. విమానాలు లేవు. పోలండ్ సరిహద్దు ఊరు ప్షెమిషుల్ నుంచి రైల్లో వెళ్లాను. సరిహద్దు దగ్గర నాలుగు గంటలు ఆగింది. అమ్మకి ముందు చెప్పలేదు, వచ్చాక చెప్పాను. తిట్టింది.

మూడున్నరేళ్ల తర్వాత నా బందూరా చేతికిచ్చారు. పాత చీలిక ఇంకో అంగుళం సాగింది. దాన్ని పక్క నుంచి సరేసుతో అతికించి ఉన్నారు, ఆయన వేలిముద్ర ఆరిన సరేసులో అలాగే ఉంది. తీగలన్నీ కొత్తవి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

విజ్విల్కా ఒక తోటలో జరిగింది. పెద్దలు ఐదుగురు, కీవ్ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు, సైన్యం నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చినాయన ఒకరు. బల్ల మీద రొట్టె, ఉప్పు. భోజనం ఖర్చు శిష్యుడిది. నాకు 4,000 హ్రివ్నియాల దాకా అయింది. ఒక్కొక్కరికీ వంగి దణ్ణం పెట్టాలి. ముందు ప్రార్థనలు అడిగారు, తర్వాత జెబ్రాంకా. ఎక్కడెక్కడ పాడావు, డబ్బు ఏం చేశావు, తోటివాడి ఊళ్లో వాడి అనుమతి లేకుండా పాడతావా, తాగినవాళ్ల మధ్య దుమా అడిగితే ఏం చేస్తావు అని ప్రశ్నలు. వైవాలో కూడా అంత వణకలేదు. విధవరాలి దుమా సగంలో ఉండగా సైరన్ మోగింది. అందరం సెల్లార్లోకి దిగాం. నలభై నిమిషాలు. పైకి వచ్చాక ఆగినచోటు నుంచి అందుకోబోతే, సైన్యం నుంచి వచ్చినాయన, "మొదటి నుంచి పాడు, నేను మళ్లీ ఎప్పుడు వింటానో," అన్నాడు. మొదటి నుంచి పాడాను. తల్లిని వెళ్లగొట్టే చోట నా గొంతు పూడుకుపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.

పెద్దలు లోపల మాట్లాడుకోవడానికి వెళ్లి గంటసేపు రాలేదు. ఆ గంట నాకు ఏడేళ్లంత అనిపించింది. వచ్చి, రొట్టె కోసి మొదటి ముక్క గురువుగారికి, రెండోది నాకు పెట్టారు. నా తప్పులు ముందు చదివారు: ఉచ్చారణలో రష్యన్ జాడ, ఎడమచేతి బరువు, రెండుచోట్ల కథ తొందరపెట్టడం. తర్వాత గురువుగారు బందూరాని తన చేతులతో నా మెడలో వేశారు. ఆయన కళ్లలో నీళ్లు. నేనైతే బాహాటంగానే ఏడ్చాను.

ఇప్పుడు ఆదివారాలు వార్సాలో ఉక్రెయిన్ శరణార్థులు వచ్చే చర్చి బయట కూర్చుని పాడుతున్నాను. చర్చి ఫాదర్‌ని ముందే అడిగి ఒప్పించుకున్నాను. జనం ఇచ్చే పేర్లలో కుర్రాళ్ల పేర్లే ఎక్కువ, పుట్టిన ఏడు కూడా చెబుతారు. వచ్చిన డబ్బులో సగం సంఘం పేరున చర్చిలో వెలిగించే కొవ్వొత్తికి, సగం తీగలకి. అజోవ్ నుంచి పారిపోయిన ముగ్గురు అన్నదమ్ముల దుమా నేర్చుకుంటున్నాను, ఇంకా ఫోన్‌లోనే.

నేర్పించమని నన్నడిగితే నేను నేర్పించలేను. శిష్యుణ్ణి తీసుకునే హక్కు వేరు, అది చాలా ఏళ్ల తర్వాత పెద్దలు ఇంకోసారి కూర్చుని ఇచ్చేది. నిజంగా మనసున్నవాళ్లు ముందు ఉక్రేనియన్ మొదలుపెట్టండి, కనీసం ఆరు నెలలు. వాద్యం కొనకండి, కొన్నది తెస్తే పక్కన పెట్టిస్తారు. ఆ తర్వాత నాకు రాయండి, గురువుగారిని అడిగి చెబుతాను. శీతాకాలంలో కరెంటు సరిగ్గా ఉండదు, కాబట్టి జవాబుకి నెల పట్టినా ఓపిక పట్టండి.